కానుక సంచిలో ఏథెన్స్

జ్ఞానశేఖర్ మాస్టారి అలసట నిన్నా మొన్నా పుట్టింది కాదు. షుగరుకీ బీపీకీ డాక్టరు దగ్గర ఫైళ్లున్నాయి, దీనికి లేదు, అంతే తేడా. తిరుమలగిరి అవతల ఒక మిషన్ హైస్కూల్లో ముప్పై ఒక్కేళ్లుగా సోషల్ చెబుతున్నాడు. ఇంకో ఏడాది గడిస్తే రిటైర్మెంటు. ఇల్లు సీతాఫల్‌మండిలో. పొద్దున్నే స్కూటరెక్కి కంటోన్మెంటు దాటి వెళ్లడం, సాయంత్రం ఆ ట్రాఫిక్కులోనే ఈదుకుంటూ రావడం, ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ఫోను మోగడం. ఆ ఫోను స్కూలుది కాదు, చర్చిది. ఆ సంగతికే వస్తున్నాం, కాకపోతే ముందు ఏథెన్స్ గురించి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ మనిషి అర్థం కాడు.

ఆయన తండ్రి జెరెమియా ఒంగోలు దగ్గర పల్లె నుంచి వచ్చి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. కొడుకుని కూడా ఎలాగోలా రైల్వేలో ఇరికిద్దామనుకున్నాడు. కొడుకు పగలు ఒక మందుల షాపులో పనిచేస్తూ సాయంకాలం కాలేజీలో బీఏ చదివాడు. అక్కడ రాఘవేందర్ అనే చరిత్ర లెక్చరరు ఉండేవాడు. ఒకరోజు కరెంటు పోతే, నోట్సు చెప్పడం కుదరక, ఆయన ఊరికే కబుర్లు చెప్పినట్టు ఏథెన్స్ గురించి చెప్పాడు. రాళ్లూ రప్పలూ తప్ప సరైన పొలం లేని ఊరు. పండిన గింజలు ఆ ఊరికే చాలవు, ఆలివ్ నూనె ఓడల్లో పంపించి తిండి తెచ్చుకోవాలి. కొండవాళ్లకీ మైదానంవాళ్లకీ సముద్రపు ఒడ్డువాళ్లకీ ఒకరంటే ఒకరికి గిట్టదు. అలాంటి ఊరు నూరేళ్లు తిరిగేసరికి ప్రపంచం తలతిప్పి చూసే నగరమైంది. పైనుంచి ఎవడో రాజు దిగివచ్చి బాగుచేయలేదు. వాళ్లలో వాళ్లే కొట్లాడుకుని, కూర్చుని మాట్లాడుకుని, ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఫిట్టరు కొడుక్కి ఈ మాట నిద్రపట్టనివ్వలేదు. వర్క్‌షాపులో ఫోర్‌మన్ ముందు తండ్రి తలెత్తి మాట్లాడ్డం వాడు ఎన్నడూ చూడలేదు మరి.

అలా టీచరయ్యాడు. తొమ్మిదో తరగతిలో గ్రీసు పాఠం ఉండేది, దానికి పుస్తకం ఇచ్చినవి రెండు పీరియడ్లు, మాస్టారు తీసుకునేవి రెండు వారాలు. బోర్డు మీద మౌలాలి గుట్ట గీసి ఇదే ఆ ఊరి కోటగుట్ట అనేవాడు. సికిందరాబాదు స్టేషను గీసి ఇదే రేవు అనేవాడు. క్లైస్తనీస్ అనే ఆయన కొండవాళ్లనీ ఊరివాళ్లనీ ఒడ్డువాళ్లనీ కలిపి పది కొత్త తెగలు చేశాడు, పాత కక్షలు పనికిరాకుండా పోయాయి అని చెప్పి, ఆ రెండు వారాలూ తిరుమలగిరి మిలిటరీ వాళ్ల పిల్లల్నీ బన్సీలాల్‌పేట్ పిల్లల్నీ సీతాఫల్‌మండి పిల్లల్నీ కలిపి ఒకే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. తల్లిదండ్రులు హెడ్మాస్టరు దగ్గరికి ఫిర్యాదుకి వచ్చేవాళ్లు. మాస్టారు ఆ ఫిర్యాదులని లోలోపల బాగా ఆనందించేవాడు.

అన్నిటికంటే పిల్లలకు ఇష్టమైంది వెండి గని. ఏథెన్స్ దగ్గర గనిలో కొత్తగా వెండి పడింది. తలా కాస్త పంచుకుందామా, యుద్ధ ఓడలు కట్టుకుందామా? చేతులెత్తండి అనేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క ఏడు తప్ప ప్రతి ఏడూ పిల్లలు పంచుకుందామనే అన్నారు. అప్పుడు మాస్టారు నడుం మీద చేతులేసుకుని, సరే, మీ ఊరు తగలబడిపోయింది, కూర్చోండి అనేవాడు. ఏథెన్స్‌వాళ్లు ఓడలు కట్టారు, ఆ ఓడలతోనే పర్షియావాళ్లని సముద్రంలో ఓడించారు. ఆ ఓడల్లో తెడ్లు వేసినవాళ్లు సెంటు భూమి లేని కూలివాళ్లు. ఊరిని కాపాడింది మేమైతే ఊరి సంగతుల్లో మా మాట ఎందుకుండదు అని వాళ్లు అడిగారు. అడిగాక ఇవ్వక తప్పలేదు. ఆ తర్వాతే గుట్ట మీద పాలరాతి గుడి, ఊరంతా కూర్చుని చూసే నాటకాలు, శిల్పాలు, వాదాలు, చదువులు. ఇంకా విడ్డూరం, ఐదువందల మంది కూర్చునే వాళ్ల సభకి మనుషుల్ని ఓట్లతో కాకుండా చీట్లు వేసి తీసుకునేవాళ్లు. ఏడాదే పదవి. జన్మలో రెండుసార్లకు మించి కుదరదు. మంచివాడా, మాటకారా, ఎవరి అల్లుడు అనే ప్రశ్నే లేదు. ఇక్కడికొచ్చేసరికి మాస్టారు సుద్దముక్క కింద పెట్టేసేవాడు. ఆడవాళ్లకీ బానిసలకీ బయటి ఊళ్లవాళ్లకీ మాత్రం ఇందులో చోటు లేదు అనే వాక్యం కూడా చెప్పేవాడు. అది చివర్న వచ్చేది, సరిగ్గా గంట కొట్టే వేళకి.

ఇప్పుడా రెండు వారాలు లేవు. ఇరవై నిమిషాలున్నాయి. "సార్, ఇది ఎగ్జామ్‌ల వస్తదా?" అని ఎవరో అడుగుతారు, రాదంటే పెన్నులు మూతపడతాయి. మాస్టారికి ఇదివరకు కోపం వచ్చేది. ఇప్పుడు కోపానిక్కూడా ఓపిక లేదు.

ఇక చర్చి. రైలు పట్టాలకు ఇవతల, రెండొందల చిల్లర మంది సభ్యులున్న చిన్న తెలుగు చర్చి. సగంమంది కోస్తా జిల్లాల నుంచి రైల్వే ఉద్యోగాలకొచ్చి ఉండిపోయినవాళ్లు, సగంమంది ఇక్కడివాళ్లు. పంతొమ్మిదేళ్లుగా జ్ఞానశేఖరే సెక్రటరీ. జీతం లేని ఉద్యోగం అది. పెళ్లి ప్రకటనలు రాయాలి. ఎవరైనా పోతే సమాధుల తోటలో చోటు చూడాలి. మైకు కీచుమంటే ఎలక్ట్రీషియన్‌ని వెతకాలి. పాట పుస్తకాల అల్మారా తాళం ఎవరింటికి పోయిందో కనుక్కోవాలి. క్వయర్‌లో సోలో ఎవరిదన్న గొడవకు రెండు వైపులా విని, రెండు వైపులా తిట్లు తినాలి. పైగా కోస్తా వాళ్లకు ఆయన ఇక్కడి వాళ్ల వైపు, ఇక్కడి వాళ్లకు కోస్తా మనిషి.

మానుకోవచ్చు కదా అంటారేమో. మానుకోలేకపోవడమే ఆయన బాధ. ఆ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. రెండేళ్లకోసారి వచ్చే ఎన్నికలప్పుడు పేరు చదవగానే లేచి నిలబడి, "నాకంత యోగ్యత లేదండి" అనాలి. సంఘం బతిమాలాలి. మళ్లీ లేదనాలి, మళ్లీ బతిమాలాలి. మూడోసారి తలవంచి ఒప్పుకోవాలి. మొదటిసారే ఒప్పేసుకున్నవాణ్ణి పదవి మీద ఆశపడ్డాడని నెలల తరబడి చెప్పుకుంటారు. మొదటి ఎన్నికప్పుడు జ్ఞానశేఖర్ ఆ మర్యాదంతా పాటించి, లోపల సంతోషిస్తూనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఎనిమిది ఎన్నికలుగా నిజంగానే వద్దంటున్నాడు. నిజంగా వద్దన్నదానికీ మర్యాదకి వద్దన్నదానికీ తేడా ఎవరికి తెలుస్తుంది? ఒకసారి కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పాడు. "ఎంత వినయం చూడండి మాస్టారిది" అని చప్పట్లు కొట్టారు.

ఈ ఏడు మాత్రం తప్పించుకుని తీరాలనుకున్నాడు. రిటైరయ్యాక అయినా ఒక మధ్యాహ్నం ఫోను మోగకుండా నిద్రపోవాలి, ఆ ఒక్క కోరికే మిగిలింది. దానికి ఏథెన్స్‌లోనే దారి దొరికింది.

పాస్టరు హెన్రీగారు కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు. కమిటీలో అసలు మాట చెల్లేది రోనాల్డ్‌ది. బ్యాంకులో మేనేజరుగా చేసి దిగినవాడు, గొంతు పెద్దది. ఇద్దరి ముందూ మాస్టారు పెట్టిన ప్రతిపాదన ఇది: సెక్రటరీని ఎన్నుకోవద్దు, చీటీ తీద్దాం. సభ్యుల పేర్లన్నీ ఆదివారం డబ్బులు పట్టే కానుక సంచిలో వేసి ఒక్కటి తీద్దాం. ఇప్పటికే చేసినవాళ్ల పేరు ఉండకూడదు.

"చీట్లు మనకి కొత్తేం కాదు అయ్యగారూ. బైబిల్లో పన్నెండో శిష్యుణ్ణి కూడా చీట్లేసే కదా తీసుకున్నారు. ఆ వర్గం ఈ వర్గం అన్న గొడవుండదు," అన్నాడు మాస్టారు.

పాస్టరుగారికి నచ్చింది. కిందటి ఎన్నికల తర్వాత రెండు కుటుంబాలు సమాధాన వందనమప్పుడు కూడా చేయి కలపడం మానేశాయి, ఆ తలనొప్పి ఆయన నెత్తి మీదే ఉంది. రోనాల్డ్ కాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఆయన లెక్క వేరు. ఎవరి పేరొచ్చినా లేచి యోగ్యత లేదంటారు, ఈసారి మనం బతిమాలకుండా ఊరుకుంటే సరి, తిరిగి జ్ఞానశేఖర్ దగ్గరికే వస్తుంది. ఈ మాట బయటికి అనలేదుగానీ మీసంలోనే నవ్వుకున్నాడు.

శనివారం సాయంత్రం మాస్టారు, భార్య ప్రేమమణి డైనింగు టేబులు దగ్గర కూర్చుని చీట్లు రాశారు. ప్రేమమణి ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది, ఏ మాటయినా మెత్తగా అనడం ఆవిడకు చేతకాదు. రెండొందల పన్నెండు పేర్లు. మాస్టారు రాస్తుంటే ఆవిడ మడత పెడుతోంది. ఒక చీటీ దగ్గర ఆగింది.

"బాలమ్మ పేరు కూడానా?"

బాలమ్మ ఆ చర్చి వాచ్‌మన్ జకర్యా భార్య. ఆయన పోయి పదేళ్లవుతోంది. చర్చి వెనక గదిలో ఉంటూ ఊడ్చి, తుడిచి, బెంచీలు సర్ది, మీటింగులకు టీ పెడుతుంది. ఆవిడా బాప్తిస్మం తీసుకున్న సభ్యురాలే, రిజిస్టరులో పేరుంది.

"అందరి పేర్లూ వేయాలి. కొందరివి తీసేస్తే అది చీటీ ఎందుకవుతుంది?" అన్నాడు మాస్టారు. ముప్పై ఏళ్ల కిందటి గొంతు ఎక్కడినుంచో కాస్త తిరిగొచ్చింది.

"వస్తే?"

"రెండొందల పన్నెండులో ఒకటి, ప్రేమా."

"ఎన్నిట్లో ఒకటని కాదండీ నేనడిగింది. వస్తే ఏం చేస్తారు?"

"వస్తే ఆవిడే సెక్రటరీ," అన్నాడు. ప్రేమమణి ఆయన మొహంలోకి ఒకసారి చూసి, చీటీ మడిచి సంచిలో వేసింది.

మర్నాడు ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్లకు కదల్లేదు. చీటీ సంగతి అప్పటికే పాకిపోయింది. పాస్టరుగారు ప్రార్థనతో మీటింగు మొదలుపెట్టారు. మాస్టారు లేచి రెండు నిమిషాల్లో చెబుదామనుకున్న మాట పది నిమిషాలు చెప్పాడు. ఏథెన్స్ సభ గురించి, చీట్లు వేసే రాతిపలక గురించి, కుండలు చేసేవాడూ చేపలమ్మేవాడూ కూడా ఊరి పని చూసిన సంగతి గురించి. వెనక బెంచీల్లో ఆవలించారుగానీ ముందు వరసవాళ్లు శ్రద్ధగానే విన్నారు. మాస్టారికి ఆ పది నిమిషాలూ అలసట తెలియలేదు.

సంఘంలో అందరికంటే పెద్దావిడ గ్రేసీ టీచరమ్మ. ఎనభై నాలుగేళ్లు. ఆవిడ చేత చీటీ తీయించారు. ఆవిడ చెయ్యి ఎర్ర మఖ్మల్ సంచిలో చాలాసేపు తిరిగి, ఒక మడతతో బయటికొచ్చింది. పాస్టరుగారు విప్పి, చదివే ముందు ఒకసారి రోనాల్డ్ వైపు చూశారు.

"జి. బాలమ్మ."

బాలమ్మ హాల్లో లేదు. వెనక వరండాలో స్టవ్వు దగ్గర టీ మరిగిస్తోంది. ఎవరో వెళ్లి పిలుచుకొచ్చారు. చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏం తప్పు జరిగిందోనన్నట్టు అందరి మొహాలూ చూసింది. పాస్టరుగారు సంగతి చెప్పారు. సంఘమంతా ఆ మాట కోసం ఎదురుచూస్తోంది. నాకంత యోగ్యత లేదండి. ఆవిడ ఆ మాట అనేస్తే, నవ్వేసి, అయ్యో ఫర్వాలేదు బాలమ్మా అని, ఇంకో చీటీ తీసుకోవచ్చు. రోనాల్డ్ అప్పటికే సంచి తన వైపు లాక్కున్నాడు కూడా.

ఏళ్ల తరబడి ప్రతి ఎన్నికకీ బాలమ్మ వెనక టీ పెడుతూనే ఉంది. లోపల ఈ వరస ఎలా నడుస్తుందో ఆవిడ ఒక్కసారీ చూడలేదు. వద్దనాలని ఎవరూ చెప్పనూ లేదు. కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, అడిగితే జవాబు చెప్పాలి కదా అన్నట్టు.

"చేస్త అయ్యగారూ," అంది. "జకర్యా ఉన్నప్పటి సంది గీడనే ఉంటున్న. ఎవరింట్ల ఎవరికి పానం మంచిగ లేదో, ఎవర్ని పిలవాల్నో నాకెరుకే. రాసుడైతే రాదు. మా మనుమరాలు డిగ్రీ చదువుతున్నది, అది రాస్తది. నేను చెప్త, అది రాస్తది."

ఎవరికో నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నారు. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేం లేదు, అదీ అసలు ఇబ్బంది. సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా సెక్రటరీకంటే ముందు ఆవిడకే తెలుస్తుందని అక్కడున్న ప్రతివాళ్లకీ తెలుసు.

రోనాల్డ్ లేచాడు. "బ్రదర్స్ అండ్ సిస్టర్స్, ఒక చిన్న పొరపాటు జరిగింది. చీటీ తీసే ముందు మనం ప్రత్యేకంగా ప్రార్థన చేసుకోలేదు. దేవుని చిత్తం అడక్కుండా తీశాం. కాబట్టి ప్రార్థన చేసుకుని, మళ్లీ తీద్దామని నా మనవి."

మీటింగు మొదట్లో ప్రార్థన జరిగింది. అందరూ కళ్లు మూసుకుని ఆమేన్ అన్నారు. ఆ సంగతి ఎవరూ గుర్తు చేయలేదు.

పాస్టరుగారు మాస్టారి వైపు తిరిగారు. "సర్, ఈ పద్ధతి తెచ్చింది మీరు. నియమం మీకు తెలుసు. మీరెలా అంటే అలా."

జ్ఞానశేఖర్ లేచి నిలబడ్డాడు. ముందు బెంచీ అంచు పట్టుకున్నాడు. ముప్పై ఒక్కేళ్లు బోర్డు మీద రాసి తుడిచిన పాఠం ఇవాళ ఎదురుగా వచ్చి, చీర కొంగు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మాట చాలు. చీటీ వచ్చింది, అయిపోయింది, కూర్చోండి. అంతే. కానీ ఆ మాట వెనకే ఆయనకు మిగతా అంతా కనిపించింది. డయాసిస్‌కి, అంటే బిషప్పు ఆఫీసుకి, ఇంగ్లీషు ఉత్తరాలు. పెళ్లి సర్టిఫికెట్లు. బాలమ్మతో మాట్లాడం అని అలిగే కుటుంబాలు, ఆ అలకలు తీర్చడానికి మాస్టారూ మీరొకసారి రండి అనే ఫోన్లు. పేరు ఆవిడది, చాకిరీ మళ్లీ తనది. ఇంకో రెండేళ్లు. ఆ తర్వాత ఇంకో రెండేళ్లు. ఒళ్లంతా ఎవరో పిండేసినట్టయింది. సిగ్గేసింది కూడా, అది వేరే చెప్పాలా. సిగ్గుపడుతూనే అన్నాడు.

"ప్రార్థన చేసి మళ్లీ తీద్దాం అయ్యగారూ."

అందరూ తలలు వంచారు. తలుపు దగ్గర బాలమ్మ కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, ఆ ప్రార్థనంతా విని, అందరికంటే గట్టిగా ఆమేన్ అంది. గ్రేసీ టీచరమ్మ చెయ్యి మళ్లీ సంచిలోకి వెళ్లింది. ఈసారి పృథ్వీ పాల్ పేరొచ్చింది. ముప్పై ఐదేళ్లవాడు, ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం. రెండుసార్లు యోగ్యత లేదన్నాడు, ఈసారి రోనాల్డే ముందుండి బతిమాలాడు, మూడోసారి తలవంచాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లయ్యేలోగా బాలమ్మ వెనక్కి వెళ్లింది, టీ పొంగిపోతోందేమోనని. పది నిమిషాల్లో ట్రేలో కప్పులు పెట్టుకుని వచ్చి అందరికీ ఇచ్చింది. మాస్టారికి చక్కెర లేని కప్పు విడిగా తెచ్చింది, ఎప్పటిలాగే.

స్కూటరు మీద ఇంటికొచ్చారు. తాళం తీస్తూ ప్రేమమణి అంది.

"వస్తే ఆవిడే అన్నారు."

"చదువు రాదు కదా ప్రేమా. ఎలా నడుస్తుంది?"

"ఆ సంగతి చీటీ రాసేటప్పుడు తెలీదా?" అని లోపలికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం కోడికూర వండిందిగానీ ఆయనతో కలిసి కూర్చుని తినలేదు.

సాయంత్రం రోనాల్డ్ ఫోను చేశాడు. "మినిట్స్ నువ్వే కదా రాసేది. ఆ మొదటి చీటీ సంగతి వద్దులే. ఎందుకు చెప్పు, డయాసిస్‌వాళ్లు చూస్తే బాగోదు. ఆవిడకీ అవమానం." అవమానం ఆవిడకట. మాస్టారు ఊఁ అని పెట్టేశాడు. మంగళవారం కూర్చుని మినిట్స్ బుక్కులో రాశాడు. ప్రార్థనానంతరం చీటీ తీయగా శ్రీ పృథ్వీ పాల్ గారి పేరు వచ్చినది, సంఘము ఏకగ్రీవముగా ఆమోదించినది. ఒకటిన్నర వరస. పంతొమ్మిదేళ్లలో ఇంత చిన్న మినిట్స్ ఎన్నడూ రాయలేదు.

ఆ వారమంతా ఫోను మోగలేదు. గురువారం స్కూలుకి సెలవొస్తే భోంచేసి పడుకుని, లేచేసరికి నాలుగున్నర అయింది. అబద్ధమెందుకు, హాయిగానే ఉంది. ఆ హాయి మీద ఆయనకే చిరాకేసింది. శుక్రవారం తొమ్మిదో తరగతిలో గ్రీసు పాఠం వచ్చింది. గుట్ట గీయలేదు, బెంచీలు కలపలేదు. పుస్తకం తెరిచి చదివించేశాడు. పిల్లలు ప్రశ్నలకు జవాబులెక్కడున్నాయో గీతలు గీసుకుని, ఇంత తొందరగా అయిపోయినందుకు సంతోషించారు.

శనివారం మధ్యాహ్నం తాళాలూ పుస్తకాలూ పృథ్వీ పాల్‌కి అప్పగించడానికి చర్చికి వెళ్లాడు. పృథ్వీ నాలుగింటికి వస్తానన్నాడు, నాలుగున్నరైనా రాలేదు. మాస్టారు చర్చి ఆఫీసుగా వాడే వెస్ట్రీ గదిలో కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద రిజిస్టర్లు, మినిట్స్ బుక్కు. బాలమ్మ బకెట్టూ తడిబట్టా పట్టుకుని వచ్చి, ఆయన్ని చూసి ఆగింది.

"మంచిగున్నరా సారూ? అలిసిపోయినట్టు కనపడ్తున్నరు."

"బాగానే ఉన్నా బాలమ్మా."

ఆవిడ గది మూల నుంచి తుడవడం మొదలుపెట్టింది. రెండు బారలు తుడిచి, నీళ్లు పిండి, అలాగే కూర్చుని అడిగింది.

"సార్, ఆదివారం నాడు జరిగిందంత గా బుక్కుల రాస్తరంట గద?"

"రాస్తాం."

"నా చీటి వచ్చిందని సుత రాసిన్రా?"

మాస్టారు బల్ల మీది బుక్కు వైపు చూశాడు. లేదని చెప్పొచ్చు. చెబితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే ఆదివారం నుంచీ చెప్పుకురావాలి. అంత ఓపిక ఎక్కణ్నుంచి తేవాలి?

"రాశాను," అన్నాడు.

బాలమ్మ మొహం విప్పారింది. చేతులు కొంగుకి తుడుచుకుని లేచొచ్చింది. "పని నాకు రాకపోయె, పోనీ. చీటి అయితే వచ్చింది గద. జకర్యా ఉంటే ఎంత సంబురపడుతుండె. ఏడుందో జెర చూపియ్యున్రి సార్, ఊకె చూస్త."

వెనక్కి తగ్గడానికి అదే ఆఖరి చోటు. మాస్టారు తగ్గలేదు. బుక్కు తెరిచి, తను రాసిన ఒకటిన్నర వరస మీద వేలు పెట్టాడు. ఆ వేలు పృథ్వీ పాల్ అన్న పేరు కింద ఆగింది.

బాలమ్మ ముందుకు వంగింది. అంత సేపు ఎందుకు చూస్తోందో ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ చూపు ఒక అక్షరం మీద ఆగి, ఇంకోదాని మీదికి వెళ్లి, మళ్లీ మొదటికొచ్చింది. మొహంలో వెలుగు కొద్దికొద్దిగా పోయింది.

"ఇది నా పేరు గాదు సార్," అంది మెల్లగా. "మనుమరాలు నేర్పింది నాకు. చదువుడు రాదు, ఒక్క నా పేరు వస్తది. బ్యాంకుల నేనే సంతకం పెడ్త."

జ్ఞానశేఖర్ వేలు అక్కడే ఉండిపోయింది. పేజీ తిప్పబోయాడు, తర్వాతి పేజీ ఖాళీ అని గుర్తొచ్చింది.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆయనకు బాగుండేది. మళ్లీ బకెట్టు దగ్గరికి వెళ్లి, తడిబట్ట పిండి, కుర్చీ దాకా తుడుచుకుంటూ వచ్చింది.

"కాళ్లు జెర పైకెత్తున్రి సార్," అంది. "గీడ తుడువాలె."

ఆయన కాళ్లు రెండూ పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు.